కంపెనీ ప్యాకెట్

మా నాయిన షెడ్డు మేడ్చల్‌లో నిజామాబాద్ రోడ్డు మీద, బస్ డిపో దాటిన తర్వాత ఉండేది. నాలుగు ఇనుప స్తంభాలు, పైన రేకులు, బండి కిందికి దిగి పని చేయడానికి తవ్విన ఒక గుంత. తొంభైల మొదట్లో అక్కడికి ట్రాక్టర్లు, జీపులు, ముసలి కార్లు వచ్చేవి. కొన్నేళ్ళు తిరిగేసరికి ఒకే కంపెనీ చిన్న కార్లు వరసగా రావడం మొదలైంది. ఆ కంపెనీ పేరు రాయను. రాయకపోయినా నా కోపం తగ్గదు.

నాయినకు ఆ కారు నచ్చింది. "తక్కువ తాగుతది, సెప్పినట్టు ఇంటది" అనేవాడు. ఎవరి దగ్గరా శిక్షణ తీసుకోకుండా, విప్పి చూసి, బిగించి చూసి, దాని లోపల ఏముందో మొత్తం తెలుసుకున్నాడు. ఊళ్ళో ఎవరైనా ధైర్యం చేసి ఆ కారు కొన్నారంటే, చెడిపోతే బాగు చేసేవాడు పక్కనే ఉన్నాడన్న నమ్మకం కూడా అందుకు ఒక కారణం. ఆ నమ్మకాన్ని కంపెనీకి ఊరికే ఇచ్చింది మా నాయిన లాంటి వాళ్ళే. ఈ మాట ఏ ప్రకటనలోనూ ఉండదు.

ఇంటర్ అయ్యాక నేను మేడ్చల్ పారిశ్రామికవాడలో ఒక రబ్బరు యూనిట్లో చేరాను. యజమాని శామీర్‌పేట వైపు పటేలు. తాతల నాటి భూమి నాలుగెకరాలు అమ్మి, రబ్బరును అచ్చు పోసే ప్రెస్సులు కొని, ఆ కార్ల కంపెనీకే సరుకు పంపేవాడు. మేం చేసేది బూట్లు. ఇంజను బలాన్ని ముందు చక్రాలకు అందించే ఇరుసు చివర ఒక కీలు ఉంటుంది. దానిలోని గ్రీజు బయటికి రాకుండా, దుమ్ము లోపలికి పోకుండా తొడిగే ముడతల రబ్బరు తొడుగును మెకానిక్కులు బూటు అంటారు. ప్రెస్సులోంచి వేడివేడిగా వచ్చిన బూటు అంచు కత్తిరించి, ప్రతి ముడతనూ వేళ్ళతో సాగదీసి, ట్యూబ్‌లైటు కింద పెట్టి చూడటం నా పని. సూది మొనంత గాలిబుడగ కనిపించినా పక్కన పడేసేదాన్ని. ముప్ఫై మందికి పైగా ఆడవాళ్ళం ఆ పని మీద బతికేవాళ్ళం. సాయంత్రానికి వేళ్ళ సందుల్లో నలుపు ఎంత తోమినా పోయేది కాదు.

అంత పెద్ద కంపెనీ తన కారులో సగానికి పైగా తాను చేయదని నాకు అక్కడే తెలిసింది. మాలాంటి చిన్న యూనిట్లు ఎన్నో చేసి పంపుతాయి. వాళ్ళు కలిపి, రంగేసి, పేరు పెట్టి అమ్ముతారు. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా కొత్త అచ్చులు కావాలి. ఆ ఖర్చు పటేలుది. కాగితాల్లో మాత్రం అచ్చులు కంపెనీవి.

ఏడాదికోసారి కొనుగోళ్ళ అధికారి ఒకాయన వచ్చేవాడు. మంచి బట్టలు, మెల్లని హిందీ. టీ తాగుతూ, మీరు పని నేర్చుకున్నారు కాబట్టి ఈసారి ఇంకొంచెం చవకగా చేయగలరు అనేవాడు. రబ్బరు ధర పెరిగింది, కరెంటు పెరిగింది అని పటేలు లెక్కలు ముందు పెడితే చిరునవ్వుతో పక్కకు జరిపేవాడు. వేరే ఊళ్ళో ఇంతకంటే తక్కువకు చేసేవాళ్ళు ఉన్నారని చెప్పి లేచేవాడు. ఆయన వచ్చి వెళ్ళిన ప్రతిసారీ మాకు ఒకటి పోయేది. ఒక ఏడు ఓవర్‌టైం, ఒక ఏడు మధ్యాహ్నం టీ, ఒక ఏడు ఇద్దరు మనుషులు.

ఒకరోజు పటేలుతో అన్నాను. "అన్ని కార్లు అమ్ముతున్నరు గద సార్, మన దగ్గర్నే ఎందుకు కోసుకుంటరు?"

"కారు అమ్మి గంత పెద్దగయిండ్రనుకుంటున్నవా?" అన్నాడాయన. "కారు ఒక్కసారే అమ్ముతరు. దాని మీద పెద్దగ మిగలదు. అది రోడ్డు మీద తిరిగినన్నొద్దులు సామాను అమ్ముతరు, సర్వీసు అమ్ముతరు, లోను ఇప్పిస్తరు, ఇన్సూరెన్సు రాయిస్తరు. మనం పంపిన బూటు ప్యాకెట్ల ఏస్తె పదంతలు. పైసలు ఆడున్నయి."

ఆ మాట నిజమని ఒక ఆదివారం సికింద్రాబాద్‌లో కళ్ళారా చూశాను. కంపెనీ సామాన్ల దుకాణంలో గాజు బీరువాలో మా బూటు నిగనిగలాడే ప్యాకెట్లో, మీద కంపెనీ పేరున్న మెరిసే బిళ్ళతో ఉంది. ధర అడిగాను. అది మా ఇంట్లో ఇద్దరు రోజంతా కూలికి పోతే వచ్చేంత. పక్కనున్న ఒకాయన బేరం ఆడకుండా డబ్బు కట్టి అలాంటిదే పట్టుకుపోయాడు. నేను బస్సెక్కి వచ్చేశాను.

అసలు సంగతి రెండు వేల సంవత్సరం దాటాక జరిగింది. మచ్చబొల్లారంలో ఉండే బ్యాంకు ఉద్యోగి ఒకాయన నాయిన దగ్గరికి వచ్చేవాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. లోను మీద ఆ కంపెనీ కారు కొని ఏడాదిన్నర అయింది. నాగారంలో ఇల్లు కట్టుకుంటూ రోజూ కంకర రోడ్డు మీద తిరిగేవాడు. రాయి తగిలి కుడి చక్రం బూటు చిరిగింది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పది రోజుల తర్వాత రమ్మన్నారు. అన్ని రోజులు చిరిగిన బూటుతో తిప్పితే కీలు పాడవుతుంది. అందుకని నాయిన దగ్గరికి వచ్చాడు.

నాయిన కీలు కడిగి, గ్రీజు నింపి, కొత్త బూటు తొడిగాడు. అది మా యూనిట్‌దే. ఎక్కువ తయారైన బూట్లు ఉంటే, "నీ షెడ్డుకు కావల్సినయి తీస్కపో" అని పటేలే నాయినకు అమ్మేవాడు. బయట అమ్మకూడదని కంపెనీ కాగితంలో ఉందని మా అందరికీ తెలుసు. అయినా ఏడాదికేడాది ధర కోసేవాడికి ఆ మాత్రం దాస్తే తప్పేమిటని నేనూ అనుకునేదాన్ని.

రెండు నెలల తర్వాత ఆయన కారు మలుపు తిరిగితే ఎడమవైపు నుంచి కటకట శబ్దం రావడం మొదలైంది. ఎడమవైపు నాయిన చెయ్యే పెట్టలేదు. వారంటీ ఇంకా ఉంది. ఆయన కారును సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళాడు. వాళ్ళు కింద నుంచి చూసి, కుడివైపు బూటు బయట మార్పించారు కాబట్టి ఇరుసు మొత్తానికీ వారంటీ పోయిందన్నారు. ఆయన నేరుగా మా షెడ్డుకు వచ్చాడు. పని నుంచి వచ్చి అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"మీరు లోకల్ సామాను వేశారటండీ. నన్ను మోసం చేశారా?" అన్నాడు.

నాయిన ముఖం చూడలేకపోయాను. ముప్ఫై ఏళ్ళలో ఆయనను ఆ మాట అన్నవాడు లేడు. "లోకల్‌ది కాదు సార్. గదే మాలు" అన్నాడు నాయిన.

"నేనొస్త సార్ మీతోని, ఆల్లకు నేను సెప్త" అన్నాను.

"వద్దు బిడ్డా, నువ్వు అండ్లకు రాకు" అన్నాడు నాయిన. నేను వినలేదు.

మర్నాడు యూనిట్‌కు సెలవు పెట్టి, బ్యాంకాయనతో కలిసి సర్వీస్ సెంటర్‌కు వెళ్ళాను. ఏసీ గది, గాజు బల్ల. మేనేజరు కుర్రాడు, మర్యాదగానే మాట్లాడాడు. దారిలో దుకాణంలో కొన్న ప్యాకెట్ చింపి, అందులోని బూటునూ మా యూనిట్ నుంచి తెచ్చిన బూటునూ మేనేజరు ముందు తిరగేసి పెట్టాను. లోపలి అంచున రెండింటి మీదా ఒకటే అచ్చు నంబరు.

"రెండూ మేం చేసినయే. ఒక్క ప్రెస్సుల తయారైనయి. నేనే సూసి పంపిన. తేడా ఏందో మీరు సెప్పండి" అన్నాను.

ఆయన రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూశాడు. "తేడా లేదు మేడమ్. కానీ మా ప్యాకెట్లోంచి రాలేదు కదా."

"ప్యాకెట్టు కారుకు తొడుగుతరా?"

బ్యాంకాయన నా చెయ్యి తట్టి ఊరుకోమన్నాడు. నేను ఊరుకోలేదు. ముట్టుకోని ఎడమ చక్రానికి కుడి చక్రం బూటుతో ఏం పని అని అడిగాను. అందరూ వినేలా, ఇక్కడ మీరు అమ్మేది సామాను కాదు, భయం అన్నాను. మేనేజరు అంతా విన్నాడు. తర్వాత చాలా శాంతంగా, మీరు పని చేసేది ఏ యూనిట్లో అని అడిగాడు. కోపంలో చెప్పేశాను. ఆయన కాగితం మీద రాసుకున్నాడు. ఆ రాసుకోవడం చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. గెలిచానని అనుకుంటూ ఇంటికి వచ్చాను.

రెండు వారాలకు కొనుగోళ్ళ అధికారి వచ్చాడు. అది ఆయన వచ్చే కాలం కాదు. ఈసారి టీ తాగలేదు. సరుకు బయటికి పోతోందని తమ దగ్గర సాక్ష్యం ఉందన్నాడు. సాక్ష్యం నేనే. ఆర్డరు రద్దయింది. ఆ మధ్యాహ్నమే ఒక డీసీఎం లారీ వచ్చి వాకిట్లో ఆగింది. ఒక్కో అచ్చూ ఇద్దరు మనుషులు ఎత్తలేనంత బరువు. గొలుసులు కట్టి, కప్పీతో పైకి లేపి, ఆరు అచ్చులూ ఎక్కించుకున్నారు. వాటిని చేయించింది పటేలు. భూమి అమ్మింది పటేలు. అయినా కాగితం వాళ్ళది కాబట్టి అచ్చులు వాళ్ళవి. పటేలు తలుపు పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాడు. మేం ముప్ఫై మందిమీ నల్లటి చేతులతో బయట నిలబడ్డాం.

నా పక్కన ప్రెస్సు నడిపే అక్క మెల్లగా అంది. "నువ్వు నోరు మూస్కుంటె అయిపోతుండె గద."

నేను నోరు మూసుకోవడం మీద, పటేలు తల ఊపడం మీద, నాయిన తల వంచుకోవడం మీదే ఆ కంపెనీ అంత ఎత్తుకు పెరిగింది. అది నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ ముప్ఫై మందికి పని తిరిగి వచ్చిందా? ఆ కోపం కంపెనీ మీదే కాదు, నా మీద కూడా ఉంది.

సర్వీస్ సెంటర్ వాళ్ళు వారంటీ ఇవ్వలేదు. బ్యాంకాయన కారు ఎడమ కీలును నాయినే పాత సామాన్ల బజారులో వెతికి తెచ్చి, కూలి తీసుకోకుండా వేశాడు. బ్యాంకాయన షెడ్డులో నిలబడి క్షమించమన్నాడు. అయినా తర్వాత మళ్ళీ రాలేదు. ఒకసారి బస్టాండులో కనిపిస్తే నేనే అడిగాను.

"మీ నాన్నగారి పని మీద నాకు అనుమానం లేదమ్మా" అన్నాడు ఇబ్బందిపడుతూ. "రేపు కారు అమ్మాలంటే సర్వీస్ పుస్తకంలో వాళ్ళ ముద్రలుండాలిట. లేకపోతే ధర రాదు."

అలా ఒక్కొక్కరే తగ్గారు. మూడేళ్ళలో షెడ్డుకు మళ్ళీ ట్రాక్టర్లే మిగిలాయి. నాయిన వచ్చిన వాటినే బాగు చేసుకుంటూ ఉండిపోయాడు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. నేను జీడిమెట్లలో ప్లాస్టిక్ మూతల యూనిట్లో చేరాను.

పటేలు యూనిట్ మూసేసి, మిగిలిన భూమిలో ప్లాట్లు వేశాడు. భూముల ధరలు పెరిగే రోజులు. రబ్బరు మీద ఇరవై ఏళ్ళు చేసినా రానిది రెండేళ్ళలో వచ్చింది. ఒకనాడు శామీర్‌పేట దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే ఒక కొత్త కారు వచ్చి ఆగింది. అద్దం దించింది పటేలే. కారు ఆ కంపెనీదే, అన్నిటికంటే పెద్ద మోడల్.

"ఎక్కు బిడ్డా, మేడ్చల్ దాంక దింపుత" అన్నాడు.

"మీరు గీ కంపెనీదే కొన్నరా సార్?"

ఆయన సిగ్గుపడలేదు. "ఏం జేస్తం. మంచి బండి" అన్నాడు.

మంచి బండే. అందులో అబద్ధం లేదు. ఎందరో ఆడవాళ్ళు ముడత ముడతనూ వెలుతురుకు పట్టి చూసి పంపితే మంచిది కాక ఏమవుతుంది? ఎక్కనని చెప్పాను. ఆయన అద్దం ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఎర్రటి ఎండలో నలభై నిమిషాలు నిలబడి, వచ్చిన బస్సులో వేలాడుతూ ఇంటికి వెళ్ళాను.