ఆరని దెయ్యం

బర్మాలోని సంచౌంగ్ పేటలో ఉండే మా పిన్నికి అక్కడి అక్షరాలు రావు. అయినా ఏ కాగితం చింపినా ముందు కళ్ళకద్దుకునేది, అందులో ఏముందో చూసేది కాదు.

సైన్యం మీద జనం తిరగబడ్డ ఏడాది, ఇల్లు కదలలేని పిల్లల కోసం హాలోవీన్‌కి దెయ్యం ముసుగు చేసింది. ఊదిన బెలూన్ మీద దినపత్రిక ముక్కల్ని మైదా బంకతో పొరలుగా అంటించింది. ఆరాక బెలూన్ పేల్చి లోపలికి చూసి నీరుగారిపోయింది. సైన్యం వెతుకుతున్నవాళ్ళ ఫొటోల్లోంచి ఎదురింటి వదిన కూతురు ముసుగు లోపల నవ్వుతోంది.

అప్పుడే వదిన వచ్చింది. "ఏటమ్మా, దెయ్యం ఎండిందా?"

పిన్ని ముసుగుని కొంగుచాటు చేసుకుంది. "ఇంకా ఆర్లేదొదినా."

ఎండలు ముదిరాయి. వదిన అడగడం మానేసింది. అయినా ఆమె ఎదురుపడితే చాలు, పిన్ని తలొంచుకుని తనే చెప్పేది: "ఇంకా ఆర్లేదొదినా."