సుగుణక్క కందగడ్డ

ఎన్నో ఏళ్లుగా ఒక పువ్వును కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. పువ్వే కదా, బరువేముంటుంది అనుకుంటారేమో. మోసినవాళ్లకు తెలుస్తుంది. పిల్లల పెళ్లిళ్లలో నవ్వుతున్నప్పుడు కూడా అది లోపల అలాగే ఉండేది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

డెబ్బైల చివర్లో నంద్యాలలో సుగుణక్క మా పక్కింట్లో ఉండేది. బడిలో టీచరు, ఒంటరి మనిషి. అండమాన్‌లో పనిచేసే ఆమె తమ్ముడు అక్కడి అడవి నుంచి ఒక గడ్డ తెచ్చి ఇచ్చాడు. కంద జాతిదే, కానీ మనం వండుకునే కంద కాదు. వానలు పడగానే మచ్చల మచ్చల కాడ ఒక్కటే లేచేది, దాని మీద గొడుగంత ఆకు. ఎండాకాలానికి ఆకు వాడిపోయి గడ్డ మట్టిలో నిద్రపోయేది. గడ్డ బాగా ముదిరాక ఏదో ఒక ఏడు ఆకుకు బదులు పళ్లెమంత పువ్వు వస్తుందని తమ్ముడు చెప్పాడట. అక్క దానికోసం మిల్లు నుంచి ఊక బూడిద, నల్లమల నుంచి ఆకుమట్టి తెప్పించేది. వడగాడ్పులకు తడి గోనెసంచులు కట్టేది. "ఆ పువ్వును ఒక్కసారి జూస్తే చాలు మే," అనేది. సంపెంగలా వాసనొస్తుందని ఆమె ఊహ.

చూసి చూసి నాకూ పిచ్చి పట్టింది.

ఒక ఎండాకాలం అక్కకు ఆళ్లగడ్డకు బదిలీ అయింది. ఇల్లు కుదిరేదాకా చూసుకోమని గడ్డ ఉన్న కుండీ నాకు అప్పగించింది. ఆమె అటు బస్సెక్కిందో లేదో, నేను ఇటు మట్టి తోడాను. రెండు చేతులా ఎత్తాల్సినంత గడ్డ! నడుమ బొటనవేలంత లావున ఎర్రటి మొగ్గ. ఆకు మొలకైతే సన్నగా ఉంటుంది. అంటే ఈ ఏడే పూస్తుంది! ఆ క్షణాన అక్క గుర్తొచ్చిందా? వచ్చింది. అయినా చేశాను. ఆ గడ్డను గోనెసంచిలో దాచి, బజారులో మామూలు కందగడ్డ కొని, నీళ్లలో నానబెట్టి కుళ్లబెట్టి, ఆమె కుండీలో పాతాను.

అక్క వచ్చి మట్టిలో చెయ్యిపెట్టింది. చేతికి మెత్తగా, జిగటగా తగిలింది. చిన్నపిల్లలా ఏడ్చింది. నీళ్లెక్కువయ్యాయక్కా అన్నాను. చివరికి నన్నే దగ్గరికి తీసుకుని ఓదార్చింది. ఆ మొక్క కోసమే ఆళ్లగడ్డ శిల్పితో చెక్కించిన రాతితొట్టిని, తనకు ఇంకెందుకంటూ, బస్సు పైకెక్కించి నాకే పంపింది.

దొడ్లో, కట్టెల చాటున, ఆ తొట్టిలోనే అక్క గడ్డను పెట్టాను.

మొగ్గ పొద్దున ఒకలా, సాయంత్రానికి ఒకలా పెరిగింది. పొయ్యి మీద అన్నం మాడినా పట్టలేదు నాకు. ఒకరోజు విచ్చుకుంది. అబ్బా, ఏం చెప్పను! వంకాయ రంగు, చీర కుచ్చిళ్లలాంటి అంచులు, నడుమ నిగనిగలాడే బొడిపె. ఇప్పుడు రాస్తుంటే కూడా ఒళ్లు పులకరిస్తోంది, ఎంత సిగ్గుమాలినదాన్నో చూడండి. ఇక వాసనంటారా, పీనుగు కంపు. ఈగలు ముసిరాయి.

సరిగ్గా ఆరోజే అక్క మామిడిపండ్ల సంచితో దిగింది.

"ఏం మే, ఇంత కంపు కొడ్తాంది?"

"పందికొక్కు చచ్చినట్టుందక్కా. యాడుందో కనపళ్లే."

"ఉండు, నేన్జూసి పారేస్తా. దొడ్లోకి పా."

"వద్దక్కా! నీ చీర పాడైతాది. మా ఆయనొచ్చి తీస్తాడులే."

దొడ్డి తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. ఆమె కొంగు ముక్కుకు పెట్టుకుని బస్సు వేళదాకా కూర్చుంది. లేస్తూ అడిగింది.

"తొట్లో ఏమన్నా పెట్టినావా?"

"ఇంగా లేదక్కా."

"పెట్టు మే. మంచిది పెట్టు."

నాలుగడుగులు. తలుపు తీసి చూపించి ఉంటే తిట్టేది, ఆ తర్వాత పువ్వు ముందు కూర్చుని అన్నీ మరిచిపోయేది. అది నాకు తెలుసు. మరెందుకు తీయలేదు? భయమని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. భయం కాదు. ఆ పువ్వును చూసినదాన్ని నేనొక్కదాన్నే కావాలనిపించింది, అంతే.

రెండు రోజులకు పువ్వు వాలిపోయింది. గడ్డ మళ్లీ మొలవలేదు. ఎనభైల్లో అక్క ఆళ్లగడ్డలోనే పోయింది. పాడె పక్కన కూర్చుని కూడా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

అక్కా, ఆరోజు మా దొడ్లో ఏ పందికొక్కూ చావలేదు. నీ పువ్వు పూసింది.