స్టేషను బల్ల మీద సామల పొట్లం

పొట్లం బల్ల మీద పెట్టింది నేనే. ముందే ఒప్పుకుంటున్నాను.

ఇంగ్లండులో ఒక చిన్న స్టేషను... రెండో ప్లాట్‌ఫారం... తడిసిన ఇనప బల్ల. గేటు దగ్గర చూపించాల్సిన టికెట్టు ఫోనులో ఎక్కడుందో దొరకలేదు. రెండు చేతులూ కావలసి వచ్చాయి. పొట్లం పక్కన పెట్టాను. పట్టుమని పది సెకన్లు. తలెత్తేసరికి బాత్‌రూముకు వెళ్లిన మా ఆవిడ సుగుణ ఎదురుగా నిలబడి ఉంది.

"పెట్టీసినావా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఇది నిజంగా జరిగింది. అరకు నుంచి ముప్ఫై ఏళ్లు పత్రికకు వార్తలు పంపినవాణ్ణి. దెయ్యాన్ని చూశామని ఎవరొచ్చినా మూడు ప్రశ్నలు అడిగి పంపేసేవాణ్ణి. ఎన్ని గంటలకు? ఎంత దూరంలో? తాగి ఉన్నావా? ఇప్పుడు నా వంతు కాబట్టి నేనే చెబుతాను. సాయంత్రం నాలుగున్నర దాటింది. రెండడుగుల దూరం. కాఫీ తప్ప ఏమీ తాగలేదు. ఆ కాఫీ కూడా మన కొండ కాఫీ కాదు, అది వేరే బాధ.

సాయంత్రం నాలుగున్నరకు దెయ్యాలేమిటి అనుకోకండి. డిసెంబరులో అక్కడ నాలుగింటికే చీకటి పడిపోతుంది. మబ్బు పట్టిందంటే మసక వెలుగూ ఉండదు. దీపం ఆర్పినట్టే.

అసలు ఈ ప్రయాణమంతా మా బావమరిది యోహాను పుణ్యం. సుగుణ తమ్ముడు. పెదబయలులో సోషల్ మాస్టారు. బ్రిటిష్ వాళ్ల చరిత్ర చెప్పి చెప్పి, ఆ ఊళ్లన్నీ కళ్లారా చూడాలని పట్టుబట్టాడు. పది రోజులు, ఎనిమిది ఊళ్లు, అన్నీ రైల్లోనే. కోట, చర్చి, గోడ, మళ్లీ రైలు. బాత్ అనే ఊళ్లో రోమన్ల స్నానాల గది చూసి "నీలు పచ్చగున్నాయి" అన్నాడు. యార్క్ కోటగోడ మీద రెండు మైళ్లు నడిపించి, చివరికి "బొర్రా గుహల ముందు ఇదేపాటి, బావా" అన్నాడు. ఆ మాట అరకులోనే చెప్పి ఉంటే ఇంట్లో పడుకునేవాళ్లం.

రైళ్ల సంగతి అడక్కండి. ఒకటి రద్దు. ఇంకొకటి సగంలో ఆపి బస్సెక్కించారు. మన కిరండూల్ పాసింజరు ఆలస్యమైతే కనీసం పల్లీలన్నా దొరుకుతాయి.

సుగుణకు కోటలతో పనిలేదు. ఆమె వచ్చింది ఒక్క సమాధి కోసం.

వాళ్లమ్మ సాలమ్మ ఒకప్పుడు కొండ మీది మిషన్ ఆసుపత్రిలో వంట చేసేది. అక్కడ ఉన్న డాక్టరమ్మ ఇంగ్లండు మనిషి. సుగుణ పుట్టినప్పుడు మెడకు పేగు చుట్టుకుంటే లాంతరు వెలుగులో బతికించింది ఆవిడే. తరవాత తన దేశం వెళ్లిపోయి, అక్కడే పోయింది. ఆ కబురు వచ్చిన నాటి నుంచి సాలమ్మ ఆవిణ్ణి తన ఇంటి చనిపోయినవాళ్లలో కలిపేసుకుంది.

కలుపుకోవడమంటే మాటలు కాదు. ఆ కొండల్లో కొత్త పంట ఇంటికొస్తే ముందు పోయినవాళ్ల వాటా తీసి పెట్టాలి. తరవాతే ఉన్నవాళ్లు తినాలి. దాన్ని 'కొత్త' అంటారు. వీళ్లది రెండు తరాలుగా చర్చికి వెళ్లే కుటుంబం. ఆదివారం చర్చి ఆదివారమే, కొత్త కొత్తే. సాలమ్మ ఏటా మూడు గుప్పెళ్ల సామలు కొండ అడవిలో కోసిన అడ్డాకులో పొట్లం కట్టి, డాక్టరమ్మ పేరు చెప్పి పడమటి గోడ పక్కన పెట్టేది. అంత దూరం అందుతుందో లేదోనని ఆమె బెంగ. కిందటి వానాకాలం పోయే ముందు కూతురి చెయ్యి పట్టుకుని అంది.

"ఒక్కసారి ఆయమ్మ పడుకున్న సోట ఎట్టు. అందాకా నువ్వు కొత్త తినకు."

సుగుణ తినలేదు. సామలు లేవు, చోళ్లు లేవు, చిక్కుడుకాయ లేదు. మేము చిక్కుడుకాయ కూర వేసుకుంటుంటే ఆమె పక్కన కూర్చుని ఊరగాయతో ముద్ద కలుపుకునేది. మూడు నెలలు. ఆ ముద్ద చూస్తే నాకు కూర దిగేది కాదు.

సుగుణ కట్టుకొచ్చిన పొట్లానికి ఒక నియమం. బయలుదేరాక కింద పెట్టకూడదు. ఎక్కడ దింపితే వాటా అక్కడ పెట్టేసినట్టే. మళ్లీ ఎత్తకూడదు. కాబట్టి పది రోజులూ చేతులు మార్చుకుంటూ మోశాం. రాత్రిళ్లు కొక్కేనికి వేలాడదీశాం. విమానాశ్రయంలో ట్రేలో పెట్టారు కదా, అదేమిటని అడిగాను.

"ట్రే నడుస్తాది కదా. నడిసేది నేల కాదు" అంది సుగుణ.

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం. ఆ గింజలేమిటో అక్కడి అధికారికి పావుగంట వివరించింది కూడా నేనే.

ఆ పొట్లాన్ని, సమాధి ఇంకా పావుగంట నడక ఉందనగా... నేను బల్ల మీద పెట్టాను.

యోహాను సర్దిచెప్పబోయాడు. "అక్కా, ఇది బల్ల. నేల కాదు."

"నడస్తందేటి ఆ బల్ల?"

సుగుణ బల్ల చివర కూర్చుంది. ఏడవలేదు. పొట్లం వైపే చూస్తూ, "అమ్మకి నానేటి సెప్పాలి?" అంది. నన్ను కాదు.

పోనీ, ఏం చేయాలో చెప్పమన్నాను. దారిలో దిగిపోయిన వాటాకు వాళ్లలో ఒక పద్ధతి ఉందట. దింపినవాడే వెళ్లి పోయినవాళ్లను పిలుచుకురావాలి, మిగిలినవాళ్లు వాటా దగ్గరే కాపలా ఉండాలి.

"ఎల్లు. ఆయమ్మకి సెప్పు. స్టేషన్లో ఉంది, ఒచ్చి తీసుకోమను. బేగి ఎల్లు, అయిదూ పదికి బండి."

అలా... ఈ వయసులో... పరాయి దేశంలో... చలిలో... చచ్చిపోయినావిడకు కబురు చెప్పడానికి బయలుదేరాను. దారంతా తిట్టుకుంటూనే ఉన్నాను. యోహానును, రైళ్లను, ఆ బల్లను, నన్ను.

ఊరికి ఒకటే వీధి. దుకాణాలు మూసేశారు. మనిషి లేడు. చర్చి గేటు తోస్తే కిర్రుమంది. లోపల దీపం లేదు. ఫోను టార్చి వేశాను. పాత రాళ్లు, వంగిన రాళ్లు... ఒక్కో పేరు చదువుకుంటూ పోయాను. గోడవార, చివర్న, దొరికింది. పేరు, కింద మన కొండల ప్రస్తావన ఒక్క ముక్క. టార్చి ఆ పేరు మీదే ఉంచాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. రాయి అడుగున ఏముందో నేను చూడలేదు.

ఏ భాషలో చెప్పాలి? సిగ్గేసింది. అటూ ఇటూ చూసి తెలుగులోనే చెప్పాను. విసుగ్గానే చెప్పాను.

"అమ్మా, సాలమ్మ పంపిన పొట్లం స్టేషన్లో ఉంది. తప్పు నాదే. అయిదూ పదికి మా బండి. వచ్చి తీసుకోండి."

ఏమీ లేదు...

గాలి లేదు. దూరంగా వెళుతున్న కారు చప్పుడు కూడా ఆగిపోయింది...

అప్పుడు వినిపించింది. సన్నగా. సర్... సర్... సర్... చేటలోంచి గింజలు ఆకు మీదికి జారుతున్నట్టు. మూడుసార్లు. ప్రతిసారీ మధ్యలో ఆగి.

మంచుపలుకులు పడుతున్నాయేమో అనుకున్నాను. మొహం పైకెత్తాను. మొహం మీద ఏమీ పడలేదు.

టార్చి కిందికి దించాను. మెల్లగా దించాను. రాయి అడుగున ఒక ఆకు. మేక గిట్టలా మధ్యలో చీలిన అడ్డాకు. దాని మీద మూడు చిన్న కుప్పలు.

సామలు.

అరకు సంతలో నలభై ఏళ్లుగా చూస్తున్న గింజ అది. వంగాను. ముట్టుకోలేదు. మా పొట్లం ఆకు ఈ పది రోజుల్లో ఎండి గోధుమరంగుకు తిరిగింది. ఇది పచ్చగా ఉంది. టార్చి వెలుగులో రంగులు నమ్మకూడదని నాకు తెలుసు. అయినా పచ్చగానే ఉంది.

ఫొటో ఏది అని మీరు అడుగుతారు. సుగుణ తప్ప అందరూ అడిగారు. ముప్ఫై ఏళ్లు ఫొటో లేని వార్త పంపవద్దని కుర్రాళ్లకు చెప్పినవాణ్ణి. చేతిలో ఫోను ఉంది. వెలుగుతూనే ఉంది. తియ్యాలని తోచలేదు. అంతే.

పరుగెత్తలేదు. నడిచాను... బేగి నడిచాను.

స్టేషనులో వాళ్లిద్దరూ అలాగే కూర్చుని ఉన్నారు. పొట్లం మధ్యలో ఉంది. ముడి ముడిలాగే ఉంది. వదిలేసిన సామాను కనిపిస్తే సిబ్బందికి చెప్పమని మైకులో ఎవరో పదేపదే చెబుతున్నారు.

"ఎవరైనా వచ్చారా?" అన్నాను.

"ఎవరొస్తారు బావా, ఈ సలిలో? మా ఇద్దరికే బుద్ధి నేదు" అన్నాడు యోహాను.

"సెప్పినావా?" అంది సుగుణ.

"చెప్పాను."

"మరి?"

"అందింది" అన్నాను. ఆమె నా మొహం కాసేపు చూసింది. లేచి బ్యాగు అందుకుంది.

బండి వచ్చింది. వాళ్లు ఎక్కుతుండగా, నియమం తెలిసీ, పొట్లాన్ని ఒక్క వేలితో నెట్టి చూశాను. మూడు గుప్పెళ్ల గింజలున్న పొట్లం అంత తేలిగ్గా కదలకూడదు. ఎండుటాకులా జరిగింది. కాకపోతే చలికి నా వేళ్లకు స్పర్శ లేదు. రెండూ నిజమే. తలుపు మూసుకుంటోందని యోహాను కాలరు పట్టి లోపలికి లాగాడు.

ఇంటికి వచ్చిన రోజున సుగుణ సామల అన్నం వండింది. రెండుసార్లు వడ్డించుకుంది. ఆ సంగతిలో నాకు ఫిర్యాదు లేదు.

కానీ నాకు ఊరుకోబుద్ధి కాదు కదా. చూసినవాటిని సరిచూసుకోవడం అలవాటు. మన కొండల నుంచి వెళ్లి అక్కడ నర్సులుగా ఉన్నవాళ్లెవరో, ఆ డాక్టరమ్మ చేతి మీద పుట్టినవాళ్ల పిల్లలెవరో, మాకంటే ముందే వచ్చి పెట్టి ఉండొచ్చు. అదే అయి ఉంటుందని ఆ చర్చికి ఉత్తరం రాయించాను. ఇంగ్లీషు యోహానుది. ఆ వారం ఆ సమాధి దగ్గరకు ఎవరైనా వచ్చారా అని అడిగాం.

నాలుగు వాక్యాల జవాబు వచ్చింది. ఆ వారం సందర్శకుల పుస్తకంలో పేర్లేవీ లేవట. మేము వచ్చిన రోజు మధ్యాహ్నం మూడింటికి సమాధులన్నీ ఊడ్చారట, అప్పుడు అక్కడ ఏమీ లేదట. మర్నాడు పొద్దున ఆ రాయి దగ్గర గింజలు కనిపిస్తే తీసేశారట. సమాధుల మీద పిట్టలకు గింజలు వేయవద్దని మమ్మల్ని కోరారు.

ఆకు గురించి అందులో ఏమీ రాయలేదు.