గళ్ళ కాగితం మీద డ్రాగన్

నిక్షేపంలాంటి డ్రాగన్‌ను నిలువునా సగం చేసి, పేరంటంలో వాయనం ఇచ్చినంత ధీమాగా అప్పగించిన ఘనత నాది. అప్పటికి నాకు అరవై తొమ్మిదేళ్ళు. చిన్నతనం, క్షమించాలి.

పిల్లలు కొనుక్కుని, మార్చుకుని ఆడే రాక్షసుల కార్డులుంటాయి కదా, వాటికి బొమ్మలు వేసే ఎల్‌బీనగర్ ఆఫీసులో మా మనవరాలు హారిక చేరి నలభై రోజులైంది.

"ఐదు గంటలకల్లా కొత్త డ్రాగన్ ఇయ్యాలె నాయినమ్మా. లేకుంటే గీ పని ఇంకొకరికి పోతది. చెయ్యే కదుల్తలేదు," అని ఫోన్లో ఏడ్చింది.

"ఏడ్వకు బిడ్డా. పోచంపల్లిల ముప్పై ఒక్క ఏండ్లు చీరలకు నెమళ్ళు, ఏనుగులు గీసిన. డ్రాగనెంత?"

మధ్యాహ్నం కునుకులో అది కనిపించింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా బాల్కనీ ఎదుట మెట్రో రైలు పట్టాలు వదిలి, డ్రాగనై మబ్బుల్లోకి తేలింది. గోడమీది బల్లి కళ్ళు, కర్మన్‌ఘాట్ హనుమంతుడి తోక, పోచంపల్లి చీర పువ్వులా అంచులు చెదిరిన ఒళ్ళు. చెదిరిన చోటల్లా ఆకాశం. లేచి గళ్ళ కాగితం మీద గీశాను. రెక్కకు రెండు వందల పదహారు గళ్ళు, కాలికి నాలుగు గోళ్ళు, రెండుసార్లు లెక్కపెట్టాను. చుట్టచుట్టి, మెట్రో ఎక్కి, నాలుగూ నలభైకి హారిక చేతిలో పెట్టాను.

విప్పింది. ఒక కన్ను, ఒక కొమ్ము, ఒక రెక్క, పక్కకు మెలితిరిగిన తోక. ముక్కు మధ్యలో బొమ్మ ఆగిపోయింది.

"నాయినమ్మా! మిగతా సగమేది?"

అప్పుడు వెలిగింది. నేతకు ముందే దారాన్ని అక్కడక్కడ బిగించి రంగులో ముంచే చిటికి చీరకు మేం సగమే గీస్తాం. దారం మడిచి కడతాం కనుక, విప్పితే రెండో సగం దానంతటదే వస్తుంది. చెయ్యి అలవాటు కొద్దీ అక్కడే ఆగింది. కొండను తవ్వి సగం ఎలుకను పట్టడమంటే ఇదే.

"పరేషాన్ గాకు. నీ కంప్యూటర్ల మడిచి విప్పే బటన్ లేదా?"

ఉంది. నొక్కింది. రెండు కళ్ళు, రెండు రెక్కలు... రెండు తోకలు! గోళ్ళు లెక్కపెట్టిన మహాతల్లి తోకను మరిచింది. చెరిపే లోపే ఆఫీసు యజమానురాలు వచ్చి నిలబడింది.

"రెండు తోకలేంటండీ మామ్మగారూ? ఈ ఆలోచన ఎక్కడిది?"

హారిక నా కొంగు పట్టుకుంది. నేను కిటికీలోంచి చూశాను. వాలుటెండలో వంతెన మీద రెండు రైళ్ళు ఒకదాన్నొకటి దాటి, చెరోవైపు కరిగిపోతున్నాయి.

"ఒకటి పోయేది, ఒకటి ఒచ్చేదమ్మా."

ఆవిడ రైళ్ళ వంక చూసి, మళ్ళీ తెర మీది తోకల వంక చూసింది. "ఇదే ఖాయం. తర్వాతి డ్రాగన్ కూడా హారికే వేస్తుందండీ," అంది.

గళ్ళ కాగితం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ప్రాణిని గీసినా, ముందు తోకలే లెక్కపెడతాను.