బజ్జీల కాగితం మీది పాట

నాకు అక్షరాలు ముప్పై ఎనిమిదో ఏట వచ్చాయి. అంతకు ముందు ఇది రాయలేకపోవడానికి కారణం అదే. వచ్చిన తర్వాత కూడా చాలా ఏళ్లు రాయలేదు. అందుకు కారణం వేరు.

మా వరినాట్ల గుంపులో ఒక కట్టుబాటు ఉంది. మడిలో పాటగా పాడిన మాటను గట్టు ఎక్కాక ఎవరూ ఎత్తరు. కోడలు అత్త మీద పాడుతుంది, తోటికోడలు తోటికోడలి మీద పాడుతుంది. పేరు మాత్రం పెట్టరు. తూర్పింటి కుండ అంటారు, కొమ్ములు తిరిగిన బర్రె అంటారు. ఎవరి గురించో వాళ్లకు తెలుస్తుంది. వాళ్లు నడుము ఎత్తకుండా, నాటు వేస్తూనే, తరువాతి చరణంలో జవాబు చెప్పాలి. ఇక సద్దులు విప్పాక ఆ ఇద్దరే పక్కపక్కన కూర్చుని తొక్కు పంచుకుంటారు. ఏమన్నావని అడగడం ఉండదు. నేను అందులోనే పెరిగాను. ఇది నా బిడ్డ పాట సంగతి కాబట్టి గట్టు మీద మాట్లాడకూడదని ఊరుకున్నాను. మొన్న బిడ్డే రాయమంది. తనకేం ఫికర్ లేదంది.

తొంభైల్లో మేము బాన్సువాడలో, బస్టాండుకు కొంచెం లోపలికి ఉన్న సందులో ఉండేవాళ్లం. ఇంటాయన చెరుకు బండ్లు తోలేవాడు. నేను వానాకాలం, యాసంగి రెండు పంటల్లోనూ నాట్లకు, కలుపులకు పోయేదాన్ని. ఒక్కతే బిడ్డ. బాగా చదివేది. చదువు కాక ఇంకొక నోటుబుక్కు పెట్టుకుని అందులో పాటలు రాసేది. సినిమా పాటలు కావు, తన పాటలు. నేను చేటలో బియ్యం వేసుకుని రాళ్లు ఏరుతుంటే గడపలో కూర్చుని చదివి వినిపించేది. ఆ పాటలు విన్నది లోకంలో నేనొక్కదాన్నే. రెండుసార్లు వింటే నాకు ఉండిపోయేవి. రాయడం రానివాళ్లకు అలాగే ఉంటుంది, తలలో తప్ప దాచుకోవడానికి వేరే చోటు లేదు. ఒక పాటను నాట్లకు కూడా పట్టుకుపోయాను. గుంపు దాన్ని ఎత్తుకుంది. ఎవరిదని ఎవరూ అడగలేదు, మా పాటలకు సొంతదారు ఉండడు.

బిడ్డ పదో తరగతి పరీక్షలు అయిపోయాక మేనత్త ఇంటికి పోయింది. ఆ వారంలో పక్కింటి వదినె వచ్చింది. ఆమెకు బస్టాండు ముందు బజ్జీల బండి ఉండేది. బజ్జీలు పెట్టివ్వడానికి కాగితాలు అయిపోయాయని, పిల్ల పాత పుస్తకాలు ఉంటే ఇమ్మని అడిగింది. పరీక్షలు అయిపోయాయి కదా అని గూట్లో ఉన్న నోటుబుక్కుల కట్ట తీసి ఆమె చేతిలో పెట్టాను. అన్నిటికీ ఒకే రకం ఖాకీ అట్ట. పైన చీటీల మీద ఏవో రాసి ఉన్నాయి. నాకు అన్నీ ఒక్కటే.

బిడ్డ తిరిగి వచ్చి గూడంతా వెతికింది. పాటల పుస్తకం ఏదని అడిగింది. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. వెంటనే బండి దగ్గరికి ఉరికితే కొన్ని కాగితాలైనా దొరికేవేమో. ఉరకలేదు. నోట్లోంచి అబద్ధం వచ్చింది.

"ఎలుకలు కొరికినయి బిడ్డా. పొయ్యిల పెట్టిన."

"మొత్తమా?"

"మొత్తం."

అది ఏడ్వలేదు. సరే అని చెంబు తీసుకుని కాళ్లు కడుక్కోవడానికి పోయింది. ఆ తర్వాత ఇంట్లో ఎప్పుడూ పాట చదవలేదు. ఇంటర్‌కు రోజూ బస్సు ఎక్కి పోయి వచ్చేది, నాతో బాగానే మాట్లాడేది, పని అందుకునేది. గడపలో మాత్రం కూర్చునేది కాదు. పుస్తకం పోయిన బాధ అనుకున్నాను. తల్లి అబద్ధం మీద బాధ అనుకోలేదు. నా అబద్ధం దాగిందనే నమ్మాను.

మరుసటి ఏడు బడి వరండాలో ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట చదువు పెట్టారు. అందరూ సంతకం కోసం వచ్చారు. నేను వచ్చింది ఆ చీటీల కోసం. ఏది లెక్కలదో ఏది పాటలదో చూసి చెప్పగలిగి ఉంటే ఆ రోజు అలా జరిగేది కాదు. ఆ మాట పంతులమ్మకు చెప్పలేదు. ఒత్తుల దగ్గర చాలా కష్టపడ్డాను. నారు పట్టే వేళ్లకు బలపం నిలవదు, జారిపోతుంది. రెండేళ్లకు బస్సు బోర్డులు, దవాఖాన చీటీ మీద పేరు, గోడల మీద రాతలు కూడుకుని చదవగలిగాను. నాకు చదువు వచ్చిందని బిడ్డ సంతోషించింది. పలక మీద నా రాత చూసి, గుండ్రంగా ఉంది అమ్మా అంది. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు.

డిగ్రీ తర్వాత అది హైదరాబాదు పోయింది. ఏదో ఆఫీసులో పని, మరో ముగ్గురితో కలిసి పాటలు. గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని కిరాయి గదిలో వాయించుకుంటారని, సినిమా పాటలు పాడరని, వాళ్ల మాటలు వాళ్లే రాసుకుంటారని విన్నాను. వినడమే, తను చెప్పింది తక్కువ. పండుగకు వచ్చి ఒక రోజుండి పోయేది. ఆ పాటలు పాడమని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఒక వానాకాలం, నాట్లు జోరుగా నడుస్తున్న రోజుల్లో, నస్రుల్లాబాద్ పిల్ల ఒకతె మా ఇంటికి వచ్చింది. మా బిడ్డతో చదివిన పిల్ల, హైదరాబాదులో ఒకే హాస్టల్. చేతిలో ఒక సీడీ. వాళ్లు నలుగురూ కలిసి చేసింది. లోపల నాలుగు మడతలు పెట్టిన జిరాక్స్ కాగితం, దాని మీద పాటలన్నీ అచ్చులో ఉన్నాయి. మా బిడ్డ పంపిందా అని అడిగాను. లేదు, నేనే తెచ్చినా అంది.

వదినె ఇంట్లో సీడీ ప్లేయర్ ఉంటే పోయి పెట్టించుకున్నాం. ముందు తీగల చప్పుడు, తర్వాత డ్రమ్ములు. వాటి కింద ఎక్కడో నా బిడ్డ గొంతు. వడ్ల మిల్లు నడుస్తుంటే లోపలి నుంచి ఎవరో పిలిచినట్టుంది. గొంతు గుర్తుపట్టాను కానీ మాట పట్టలేకపోయాను. వదినె కాసేపు విని, పిల్లకు ఎవరి మీదనో మస్తు కోపం ఉన్నట్టుంది అని, పిండి కలుపుకోవడానికి పోయింది.

ఇంటికి వచ్చి కాగితం విప్పాను. మూడో పాట దగ్గర వేలు పెట్టి కూడుకుంటూ చదివాను.

*నూనె మరక మీద నా అక్షరం తేలింది*
*ఎవరో తిన్నారు, వేళ్లు తుడుచుకున్నారు*
*ఎండకు పట్టి చూస్తే కాగితం అద్దమైంది*
*అవతల నిలబడ్డది ఎవరో కనబడింది*
*నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు*
*మధ్యలో కాగితం ఇంకా ఆరుతూనే ఉంది*

రెండోసారి చదవడానికి చాలాసేపు పట్టింది. ఆ పిల్ల పక్కన కూర్చుని నాకు అర్థం కాలేదనుకుంది.

"పెద్దమ్మా, మాకే సమజ్ కాలే. క్యాంటీన్ల కూసోని రోజూ గిదే కొట్లాట. నూనె అంటే పట్నమట, కాగితం అంటే ఊరట, పట్నం ఊరిని తింటున్నదట. ఇంకొకడు గిది లవ్ ఫెయిల్యూర్ పాట అంటడు. ఆనికి అన్నీ లవ్ ఫెయిల్యూరే."

"దాన్నే అడగకపోయిండ్రా?"

"అడిగినం. నవ్వుతది. మీకేం అనిపిస్తే గదే అంటది."

ఆ పిల్లకు చాయ పోసి ఇచ్చాను. పట్నమూ కాదు, ప్రేమా కాదు. ఇంటర్‌కు పోయే రోజుల్లో అది రోజూ బస్టాండులో బస్సు కోసం నిలబడేది. ఎదురుగా వదినె బండి. ఏదో ఒక రోజు ఆ కాగితం దాని చేతికి వచ్చింది. బజ్జీ తిని, నూనెకు పలచబడ్డ కాగితాన్ని ఎండకు ఎత్తి, తన రాత తను చదువుకుంది. ఎలుకలు కొరకలేదని, పొయ్యిలో కాలలేదని ఆ రోజే తెలిసిపోయింది. ఇంటికి వచ్చి నేను పెట్టిన అన్నం తిన్నది. అప్పటి నుంచి ఎనిమిదేళ్లు, తనకు తెలిసిందని నాతో అనలేదు.

అవతల నిలబడ్డది ఎవరో కనబడిందంటే బండి వెనక వదినె కనబడిందనా, నేను కనబడ్డాననా? కాగితం ఆరుతూనే ఉందంటే కోపం పోలేదనా, పోబోతున్నదనా? నూనె కాగితం ఎంత ఎండలో పెట్టినా ఆరదు. ఆ సంగతి దానికి తెలిసే రాసిందా? పాట అంతా నాకు తెలిసి కూడా ఈ ఒక్కటి తెలియలేదు. నాకు కావలసింది అదొక్కటే.

మర్నాడు కాగితాన్ని కవరులో చుట్టి సద్ది సంచిలో పెట్టుకుని నాట్లకు పోయాను. మా గుంపుకు పెద్ద ఒక అవ్వ. నాకు నాటు నేర్పింది ఆమే. ఎన్ని వందల పాటలు ఆమె నోట ఉన్నాయో ఆమెకే తెలియదు. ఒక్క అక్షరం రాదు. గట్టు మీద సద్దులు విప్పినప్పుడు, మా బిడ్డ పాట, పట్నంల చేసింది అని చెప్పి చదివాను. ఒకామె దీనికి దరువేదీ అంది. ఇంకొకామె బజ్జీలు తినాలనిపిస్తుందంది. అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. నేను ఎక్కడెక్కడ ఆగానో చూసింది. చేతులు కడుక్కుని నా పక్కకు జరిగింది.

"గది నీకే పాడింది, బిడ్డా."

నేను కాగితం మడిచి కవరులో పెట్టాను.

"ఏం జేసినవో నాకు చెప్పకు. పాటల పేరు లేదంటె మడిల ఉన్నోళ్లకే అన్నట్టు. జవాబు చెప్పు."

"అది పట్నంల ఉంది, నేను గీడ బురదల ఉన్న. ఎట్ల చెప్పాలె అవ్వా?"

"అక్షరాలు నేర్చినవు గద. గవి దేనికి మల్ల, బస్సు బోర్డులు సదువనీకేనా?"

అంతే అని లేచి మడిలోకి దిగింది. అందరం దిగాం. మబ్బు కమ్ముకుంటున్నది. మబ్బు పట్టినప్పుడల్లా మా గుంపు ఎత్తుకునే పాట ఒకటి ఉంది. అవ్వే అందుకుంది, అందరూ కలిశారు, అలవాటుగా నేనూ కలిశాను.

*మబ్బూ మబ్బూ మా మీద ఆగకు*
*అమ్మ చీర ఇంకా ఆరలేదు*
*కాలువ ఒడ్డున నిలబడు, గొంగడి తెస్తా*
*నువ్వు తడవకుండా ఇంటికి తోలుకొస్తా*

రెండో వరస పాడుతుండగా నా చేతిలో నారు ఆగిపోయింది. ఇది నా బిడ్డది. గడపలో కూర్చుని చదివినది. తొమ్మిదేళ్లుగా ఇన్ని మడుల్లో, ఇంతమంది నోళ్లలో తిరుగుతున్నది. అందరిదీ అయిపోవడంతో, బిడ్డదని తలచుకోవడం నేను కూడా మానేశాను. పుస్తకం మొత్తం పోయిందన్నది కూడా అబద్ధమే. ఎనిమిదేళ్లు పోయిందనుకున్నది నా దగ్గరే ఉంది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టకముందే గడపలో కూర్చున్నాను. రూళ్ల కాగితం తెప్పించుకున్నాను. ముందు పాట రాయాలి. కానీ గుంపు నోట పడి మాటలు మారిపోయాయి. పదిహేనేళ్ల పిల్ల కాలువ ఒడ్డు అనలేదు, మా సందు చివర అంది. గొంగడి అనలేదు, గొడుగు అంది. మబ్బుకు గొడుగు పట్టడమేందే అని ఆ రోజు నేను నవ్వాను. అది గుర్తుంది. గుంపు చేర్చిన మాటలు ఒక్కొక్కటీ తీసేసి, దాని మాటలు వెతికి పెట్టాను. మూడో చరణం సగమే వచ్చింది. రానిచోట ఖాళీ వదిలాను. ఇంకో రెండు పాటల నుంచి కూడా తలా రెండు వరసలు దొరికాయి. గొడుగులో డ అక్షరానికి కొమ్ము ఎటు తిప్పాలో మర్చిపోయి మూడుసార్లు కొట్టేశాను.

పాట అయ్యాక ఆగాను. మా కట్టుబాటు ప్రకారం అంతటితో జవాబు అయిపోయినట్టే. పాటకు పాట. దానికి అర్థమవుతుంది. నేను ఒప్పుకున్నట్టూ ఉంటుంది, నోటితో అననట్టూ ఉంటుంది. మడిలో అయితే అది చాలు, ఎందుకంటే అక్కడ ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పి ఉండరు, ఎత్తిపొడుపులే తప్ప. నేను చెప్పింది గడప మీద. పాట చాటున నిలబడితే మళ్లీ దాక్కున్నట్టే.

కింద ఒక గీత గీసి, పాట కాని మాట రాశాను. *నీ పుస్తకం ఎలుకలు కొరకలేదు. నేనే బజ్జీల బండికి ఇచ్చిన. తెలువక ఇచ్చిన, తెలిసి అబద్ధం చెప్పిన. అమ్మ.* అంతకంటే ఏం రాయాలో తెలియలేదు. నన్ను మన్నించమని రాయలేదు. అది అడగడం కూడా దాని మీద బరువు పెట్టడమే అనిపించింది.

మర్నాడు పొద్దున గుంపు ఎక్కే ఆటోను ముందు పొమ్మన్నాను. పోస్టాఫీసు తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చుని, కవరు కొని, నస్రుల్లాబాద్ పిల్ల రాసిచ్చిన అడ్రసు చూసుకుంటూ నా చేత్తోనే రాశాను. లోపలి ఆయన రాసిస్తానన్నాడు, వద్దన్నాను. డబ్బాలో వేసి, లోపల పడ్డ చప్పుడు విన్నాక వేరే ఆటో పట్టుకుని మడికి పోయాను. నా వరస ఖాళీగా ఉంచారు. అవ్వ ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. వాన చినుకులు మొదలై గుంపు మబ్బు పాట ఎత్తుకుంది. వాళ్లు గొంగడి అన్నచోట నేను గొడుగు అని పాడాను.