ఓదెలన్న చూపించిన ఇల్లు

అత్తమ్మ గది పైకప్పును కర్రతో తట్టి చూస్తున్నాను. అంచుల దగ్గర గట్టిగా మోగుతుంది. మధ్యలో గుల్లగా మోగుతుంది. పోయిన వారం అక్కడి నుంచే అరచేయంత పెచ్చు ఊడి ఆమె కాళ్ళ దగ్గర పడింది. తుంటి విరిగిన మనిషి, తప్పుకోలేదు. ఆ రోజే మంచాన్ని హాల్లోకి మార్చాం. అక్కడి నుంచి ఆమెకు బాత్రూం దూరం. "నా అర్రకు ఎప్పుడు తీస్కపోతవ్?" అని రోజూ అడుగుతుంది. ఈ గుల్ల శబ్దం వినడం నేర్పిన ఓదెలు మేస్త్రీ పోయి ఏడాది దాటింది.

పదేళ్ళ కిందట ఇంటి వెనుక రెండు గదులు వేయించాలనుకుని ఆయన్ని మొదటిసారి పిలిచాం. ఎంతవుతుందో చెప్పకముందే, "నేను కట్టిన ఇల్లొకటి చూద్దువు రా చెల్లె" అని నన్ను కాజీపేట తీసుకెళ్ళాడు. గేటు దగ్గర ఆగిపోయాడు.

"నువ్వు పో. నేనుంటె ఆమె మొహమాటపడ్తది. నేను గీడ చాయ్ తాగుతుంట."

ఇంటావిడ నన్ను నేరుగా వంటింట్లోకి తీసుకెళ్ళి గోడ మీద తడి మరక చూపించింది. "కట్టిన యేడే నీళ్ళు దిగినయ్. రెండుసార్లు తీసి మల్ల కట్టిండు. మా తమ్ముని కంటె ఎక్కువసార్లు వచ్చిండమ్మా మా ఇంటికి! గిప్పటికీ జర చెమ్మనే." నన్ను గేటు దాకా సాగనంపుతూ, "పిలిస్తె మాత్రం వస్తడు" అంది.

బయటికి రాగానే ఓదెలన్న అడిగాడు. "తిట్టిందా?"

"కొంచెం."

"కొంచెమేనా? ఇయ్యాల మంచిగున్నట్టుంది." నవ్వి, వెంటనే ఆపేశాడు. "మంచిగొచ్చిన ఇల్లు ఎవడైనా చూపిస్తడు చెల్లె. గీడ నాతోని తప్పైంది. గిది జూసినంక గూడ పిలుస్తవంటె పిలువు."

పిలిచాను. ఆ రెండు గదులూ ఇప్పటికీ చుక్క కారవు.

అత్తమ్మ గది మా మామగారి కాలంది, ఓదెలన్న కట్టింది కాదు. అయినా ఏటా వానలకు ముందు వచ్చి, తాపీ పిడితో ఆ కప్పును తట్టి వినేవాడు. "లోపట ఇనుము తుప్పు వడ్తాంది. పూత పెడితె కనవడది, గని ఆగది" అనేవాడు. వచ్చే ఏడు చూద్దామనేదాన్ని. పిల్లల పరీక్షలో, ఎవరి పెళ్ళో, ఏదో ఒక కారణం ఉండేది. చివరిసారి నిచ్చెన ఎక్కలేక ఆయాసపడుతూ కిందే నిలబడ్డాడు. "నేనుండంగ చేయించుకో బిడ్డా" అన్నాడు. అంతకుముందెప్పుడూ నన్ను బిడ్డా అనలేదు. సరేనన్నాను. చేయించలేదు.

ఈ వారం ముగ్గురు కాంట్రాక్టర్లు వచ్చారు. ఇద్దరు ఫోన్‌లో కొత్త ఇళ్ళ ఫోటోలు చూపించారు. మీ పని చెడిపోయిన ఇల్లు చూపించమంటే ఒకతను నవ్వాడు, ఇంకొకతనికి కోపం వచ్చింది. మూడో అతనిది రఘునాథపల్లి. అతన్నీ అదే అడిగాను. "ఒకటున్నది మేడం. గని ఆమె నన్ను గేటు లోపటికి రానియ్యది."

ఆ ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటావిడ అతన్ని అరగంట తిట్టింది. ఫోన్ చేస్తే ఎత్తుతాడా అని అడిగాను. "ఎత్తుతడు, వస్తనంటడు గూడ. నేనే రానియ్య" అంది. నా భయం తగ్గలేదు. పని మాత్రం అతనికే ఇచ్చాను.

రేపు పెచ్చులు కొడతారు. "దుమ్ము లేస్తది, మీరెందుకు మేడం" అన్నాడతను. నేను సెలవు పెట్టాను. ఇనుము ఎంత మిగిలిందో నా కళ్ళతో చూడకుండా పూత వేయనివ్వను. ఏమీ మిగలకపోతే కప్పంతా పడగొట్టాలి. ఓదెలన్న చెప్పినప్పుడే చేయించి ఉంటే ఎంత మిగిలి ఉండేదో మాత్రం నాకిక తెలియదు.