కొట్టేసిన దీర్ఘం

ఊళ్లో రాతిమీద అక్షరం కనిపించిందంటే అది అక్షరాల మేస్త్రి చెక్కిందే. శంకుస్థాపన పలకలు, సమాధిరాళ్లు, బడి గోడలు నలభై ఏళ్లుగా ఆయన ఉలి కిందే మాటలు నేర్చాయి. చదువు ఐదో తరగతిలో ఆగిపోయినా, తప్పు కనబడితే ఊరుకునే రకం కాదు. ఒకసారి జ్వరంతో డాక్టరు దగ్గరికెళ్లి, బోర్డులో వత్తు పోయిందని చెప్పి, మందు మరిచి వచ్చాడు. "నీ ఒళ్లు కాలిపోతున్నా వాళ్ల వత్తే ముఖ్యం నీకు" అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

యుద్ధంలో పోయినవాళ్ల స్మారకానికి నూట పన్నెండు పేర్ల జాబితా చేతికొస్తే, దాన్నీ దిద్దుతూ కూర్చున్నాడు. ఒకచోట ఒకే పేరు వరసగా రెండుసార్లు ఉంది. తేడా ఒక్క దీర్ఘం. గుమాస్తా ముందు తప్పు రాసి, కింద సరిగ్గా రాసి, పైది తీసేయడం మరిచాడనుకున్నాడు. ఎవరినీ అడగలేదు. దీర్ఘమున్న పేరును పెన్సిలుతో కొట్టేశాడు. రాతిమీద నూట పదకొండు చెక్కాడు.

ఆవిష్కరణ అయిన నాలుగో రోజు, రాయి అంచులు నున్నగా చేస్తుంటే ఒకావిడ వచ్చింది. పేర్లను వేలితో తడుముకుంటూ పోయి ఒకచోట ఆగింది.

"అన్నా, వీడు నా చిన్నోడు. పెద్దోడేడీ?"

"ఇద్దరా అమ్మా?"

"కవలలు. ఒకే పేరులా ఉంటుంది గానీ పిలుపు వేరు. తుంచి పిలిస్తే చిన్నోడు పలికేవాడు, సాగదీస్తే పెద్దోడు. ఒకే రోజు పోయారు."

మేస్త్రి చేతిలో ఉలి మంచుముక్కయింది.

"నేనే కొట్టేశానమ్మా. తప్పు పడిందనుకున్నాను."

"బళ్లో పంతులూ అంతే. హాజరుపట్టీలో వాణ్ణే కొట్టేసేవాడు" అంది.

తిట్టినా బాగుండేది.

స్మారకం కట్టించిన ఆఫీసుకెళ్లి చెబితే, ఇంజనీరు తల ఎత్తలేదు. "అక్కడ ఇంకో పేరుకి చోటెక్కడిది మేస్త్రీ? ఉన్నదానికే దీర్ఘం తగిలించు."

"అప్పుడు చిన్నోడు పోతాడు సార్."

"ఎలాగూ పోయినవాడేగా." ఫైలు మూశాడు. "అంతకుమించి రాయి ముట్టుకున్నావంటే మాత్రం, ఇక మా పనులు నీకుండవు."

రాయి అడుగున, గడ్డికి ఆనుకుని, 'చెక్కినవారు' అన్న మాట పక్కన మేస్త్రి పేరుంది. మర్నాడు పట్టపగలు, దారినపోయేవాళ్లు చూస్తుండగా, ఆ వరసంతా చెక్కి తీసేశాడు. ఆ పల్లంలో పెద్దోడి పేరు మొదలుపెట్టాడు. దీర్ఘం ఉండాల్సిన దానికన్నా పొడుగ్గా సాగింది. దిద్దలేదు.

సాయంత్రం తల్లి వచ్చింది. ఆ పేరు చదవాలంటే నేలమీద కూర్చోవాలి. కూర్చుంది. ముందు తుంచి పిలిచింది. తర్వాత, ఊపిరి ఉన్నంతవరకూ, సాగదీసి పిలిచింది. రాళ్లకు పలకడం రాదు.

మేస్త్రి సంచి సర్దుకున్నాడు. దారిలో మందుల దుకాణం కొత్త బోర్డులో ఒక దీర్ఘం ఎక్కువ పడింది. తలెత్తి చూశాడు. ఎవరికి తెలుసు అనుకుని, లోపలికి వెళ్లకుండా నడిచిపోయాడు.